తంబూరా తీగ మీద గ్రహాలు

సైబర్ టవర్స్ కూడలి

చైత్రమాసం, శనివారం సాయంత్రం ఆరు గంటలు. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ మెట్లు దిగి సైబర్ టవర్స్ కూడలి వైపు నడుస్తున్నారు మీరు. తల మీద ఫ్లైఓవర్, దాని నిండా వాహనాలు. కింద సిగ్నల్ దగ్గర ఇంకా ఎక్కువ. ఆర్టీసీ బస్సు బ్రేకు కీచుమంది. పచ్చలైటు పడకముందే వెనక బైకు హారన్ అందుకుంది. పైన మెట్రో రైలు కదిలింది. దాని మోటారు మూలుగు కింది స్థాయిలో మొదలై, వేగంతో పాటు పైకి పాకి, తారస్థాయిలో ఎక్కడో కలిసిపోయింది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు ఈ చుట్టుపక్కల బండరాళ్లే ఎక్కువ. ఇప్పుడు ఆ గుండ్రటి భవనాన్ని చూడాలంటే వాహనాల మధ్య సందు వెతుక్కోవాలి.

ఫుట్‌పాత్ వారగా ఒక టీ బండి. గ్లాసు అందుకుంటూ అడుగుతారు: "అన్నా, పొద్దంతా ఈ లొల్లిల ఎట్లుంటవ్?"

అతను పాలగిన్నె మీంచి తల కూడా ఎత్తడు. "ఏం లొల్లి సార్? నాకైతే ఏం వినొస్తలేదు. తెల్లారగట్ల రోడ్డు మీద ఎవ్వరు లేనప్పుడే చెవులు గుయ్యిమంటయ్."

రెండు వేల ఏళ్ల కిందట రోమ్‌లో సిసెరో రాసిన 'స్కిపియో స్వప్నం'లో ఉన్నది ఈ సంగతే. రోమన్ సేనాని స్కిపియో కలలో ఆకాశానికి వెళ్తాడు. చెవులు నిండిపోయేంత పెద్ద నాదం, తీయని నాదం వినిపిస్తుంది. ఇదేమిటని అడిగితే, ఎప్పుడో చనిపోయిన తాత చెబుతాడు: గ్రహాలను మోసే గోళాలు తిరుగుతున్న చప్పుడిది, వాటి మధ్య ఎడాలు ఒక లెక్కలో ఉన్నాయి గనక స్వరాలు కలుస్తున్నాయి అని. మరి భూమ్మీద ఎందుకు వినపడదు? పుట్టినప్పటి నుంచీ చెవుల్లో అదే ఉంది గనక. నైలు నది కొండల మీంచి దూకే చోట కాపురముండేవాళ్లకు ఆ హోరు వినపడనట్టే అంటాడు తాత.

ఈ ఊహ సిసెరో సొంతం కాదు. క్రీస్తుకు ముందు ఆరో శతాబ్దపు పైథాగరస్ పేరు మీద నడిచిన సంప్రదాయానిది. ప్లేటో తన 'రిపబ్లిక్' చివర్లో ఎనిమిది వలయాల మీద సైరన్లనే ఎనిమిది మంది పురాణ గాయనులను నిలబెట్టి, ఒక్కొక్కరి చేత ఒక్కో స్వరం పాడించాడు. అరిస్టాటిల్ ఒప్పుకోలేదు. ఉరుము శబ్దానికే బండలు పగులుతుంటే, అంతంత గోళాలు మోగుతూ తిరిగితే ఇక్కడ ఏదైనా మిగులుతుందా అని అడిగాడు.

ఈ సాయంత్రం, రేపు పగలు, రేపు రాత్రి మన పని ఒకటే. ఆ పాత మాటను ఈ ఐటీ కారిడార్‌లోనే చెవి పెట్టి పరీక్షించడం. అది ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ కూలిపోతుందో చూడటం. టీ అయిపోయిందిగా, ఆటో ఎక్కండి.

దుర్గం చెరువు

ఇనార్బిట్ మాల్ దాటాక దుర్గం చెరువు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు మంచినీళ్లు ఇచ్చిన చెరువిది. ఒడ్డున ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గుండ్రటి గ్రానైటు బండలు. నడకదారి మీద బూట్లు బిగించుకున్న పెద్దవాళ్లు, సెల్ఫీలు దిగే జంటలు, చక్రాల బూట్లతో పిల్లలు. వేపచెట్టులోంచి కోయిల ఒకటి కూసింది, అవతలి ఒడ్డు నుంచి మరొకటి ఇంకాస్త పై స్వరంలో జవాబిచ్చింది.

తలెత్తి చూడండి. ఊళ్లో అందరూ కేబుల్ బ్రిడ్జి అనే తీగల వంతెన. 2020 సెప్టెంబరు 25న తెరిచారు. జూబ్లీహిల్స్ రోడ్ నంబరు 45ను మాదాపూర్‌తో కలుపుతుంది. ప్రధాన స్పాన్ 233.85 మీటర్లు. స్తంభం మీంచి కేబుళ్లు ఏటవాలుగా దిగి వంతెనను పట్టుకున్నాయి. స్తంభానికి దగ్గరవి పొట్టివి, దూరం పోయేకొద్దీ పొడుగువి. దీపాలు వెలిగాయి, ఒక్కో కేబుల్ ఒక్కో గీతలా కనిపిస్తోంది.

బిగించి కట్టిన తీగ ఏదైనా సరే, కదిలిస్తే కంపిస్తుంది. ఎంత వేగంగా అన్నది మూడింటిని బట్టి ఉంటుంది: పొడవు, బిగువు, బరువు. పొడవు సగం చేస్తే కంపనాలు రెట్టింపవుతాయి. బిగువు నాలుగింతలు చేసినా రెట్టింపే అవుతాయి. మీటరుకు ఉండే బరువు నాలుగింతలు చేస్తే సగానికి పడిపోతాయి. ఈ సూత్రాలను స్పష్టంగా అచ్చులో పెట్టినవాడు మారెన్ మెర్సెన్. ప్యారిస్‌లో మినిమ్ సన్యాసుల మఠంలో బతికిన క్రైస్తవ సన్యాసి. ఆ గ్రంథం పేరు 'హార్మొనీ యూనివర్సెల్', సంవత్సరం 1636. దేవుడు లోకాన్ని కొలతతో చేశాడని మనసారా నమ్మినవాడు గనక, ఆ కొలత ఏమిటో చూడాలని కంటితో లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా ఊగే పొడుగాటి తీగలు కట్టుకుని కూర్చున్నాడు.

కేబుల్ వంతెనలను పరీక్షించే ఇంజినీర్లు ఇవాళ అదే సూత్రాన్ని తిప్పి వాడతారు. కేబుల్‌కు సెన్సర్ తగిలించి సెకనుకు ఎన్ని కంపనాలో కొలుస్తారు. పొడవు, బరువు ముందే తెలుసు కాబట్టి బిగువు లెక్కలో తేలుతుంది. వంద మీటర్ల కేబుల్ సెకనుకు ఒకటి రెండు సార్లు మాత్రమే ఊగుతుంది. మనిషి చెవికి సెకనుకు సుమారు 20 కంపనాల కింద ఏదీ స్వరంగా అందదు. అంటే గాలి తగిలినప్పుడల్లా, బస్సు దాటినప్పుడల్లా మీ తల మీద తీగలు పలుకుతూనే ఉంటాయి, మీకు మాత్రం వినపడవు. వినపడకపోవడానికి సిసెరో చెప్పిన కారణం వేరు, ఇక్కడి కారణం వేరు. కానీ చెవికి అందని చోట కూడా అదే నిష్పత్తి పనిచేస్తోందన్న మాట నిజమే.

ఇదే చోట ఆ పాత సంప్రదాయంలోని ఒక అబద్ధాన్ని కూడా చూడాలి. పైథాగరస్ ఒకరోజు కమ్మరి కొలిమి ముందు నుంచి వెళ్తుంటే సుత్తుల మోతలు శ్రుతిలో కలిసి వినిపించాయట. తూచి చూస్తే వాటి బరువులు 12, 9, 8, 6 నిష్పత్తిలో ఉన్నాయట. ఈ కథను వెయ్యేళ్లకు పైగా ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి ఎక్కించారు. కానీ సుత్తి బరువుకూ దాని మోతకూ అలాంటి సంబంధమే లేదు. అవే బరువులు తీగలకు వేలాడదీసినా ఆ స్వరాలు రావు. పదహారో శతాబ్దం చివర్లో ఇటలీలో ల్యూట్ వాద్యకారుడు విన్సెంజో గలిలీ నిజంగానే బరువులు కట్టి చూశాడు. పై షడ్జమం రావాలంటే బరువు రెట్టింపు చాలదు, నాలుగింతలు కావాలని తేల్చాడు. ఆయన కొడుకే గెలీలియో. ఆ ఇంట్లో తండ్రి తీగను అడిగాడు, కొడుకు ఆకాశాన్ని అడిగాడు. ఇద్దరూ పుస్తకం చెప్పిందని ఊరుకోలేదు. కథ పోయింది గానీ తీగ పొడవు గురించి పైథాగరస్ వర్గం చెప్పింది నిలిచింది. దాన్ని చేత్తో ముట్టుకుని చూడటానికి కొండాపూర్ వెళ్దాం.

కొండాపూర్, మూడో అంతస్తు

ఏడున్నర. అపార్ట్‌మెంట్ గుమ్మం బయట చెప్పులు, లోపల జంపఖానా. శనివారం సంగీతం క్లాసు. వారమంతా ఆఫీసులో కోడ్ రాసే ఒక అమ్మాయి, ఇద్దరు బడి పిల్లలు, బ్యాంకులో రిటైరైన ఒక పెద్దాయన. ఈ ప్రాంతానికి సంగీతం కొత్తదేమీ కాదు. శోభారాజు గారు 1983లో స్థాపించిన అన్నమాచార్య భావనా వాహినికి నెలవైన అన్నమయ్యపురం ఉన్నది మాదాపూర్‌లోనే. అద్దాల మేడల పక్కనే అన్నమయ్య సంకీర్తనలు వినిపిస్తూ వచ్చాయి.

టీచర్‌ను అందరూ "అమ్మా" అనే పిలుస్తారు. ఫోన్‌లో శ్రుతి యాప్ పెట్టబోయిన కుర్రాణ్ని ఆపి, గోడకు ఆనించిన తంబూరా వైపు చూపించి మీతో అంటారు: "మీరు పట్టుకోండి బాబూ. కుడి తొడ మీద కుండ ఆనించి, దండి నిలువుగా. గట్టిగా లాగకండి. తాకి వదలండి, చాలు."

పనసకర్ర కుండ చొక్కాలోంచి చల్లగా తగులుతుంది. నాలుగు తీగలు: పంచమం, రెండు షడ్జమాలు, చివర మంద్ర షడ్జమం. మధ్యవేలుతో మొదటిది, చూపుడువేలుతో మిగతా మూడు. మొదట ఉత్త టంగుమన్న చప్పుడే. ఆవిడ ముందుకు వంగి, తీగలను మోసే గుర్రం మీద, తీగ కింద ఉన్న నూలుపోగును, అదే జీవాళిని, గోటితో వెంట్రుకవాసి జరుపుతారు. మళ్లీ మీటండి. ఈసారి తీగ మొత్తం విచ్చుకుంది. ఒక్క మీటుకు అనేక స్వరాలు జల్లుమన్నాయి. కుండ మీ తొడను, పక్కటెముకలను వణికిస్తోంది.

"ఇప్పుడు ఒక్క షడ్జమమే మీటండి. ఎడమచేతి వేలితో తీగ సరిగ్గా మధ్యన ఊరికే తాకండి, నొక్కకూడదు."

తాకారు. పై షడ్జమం పలికింది. తీగ సగం, స్వరం రెట్టింపు, 2:1. వేలు మూడో వంతు దగ్గరికి జరిపితే పై స్థాయిలో పంచమం. మూడింట రెండొంతుల తీగ పలికితే అదే పంచమం పక్కనే వస్తుంది, 3:2. నాలుగింట మూడొంతులైతే మధ్యమం, 4:3. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఈ నాలుగు అంకెలతోనే చెవికి అన్నిటికంటే హాయైన స్వరాలు వచ్చేస్తున్నాయని చూసి పైథాగరస్ శిష్యులు ఆశ్చర్యపోయారు. నాలుగూ కలిపితే పది. ఆ పది మీద వాళ్లు ఒట్టు పెట్టుకునేవారు. చెవికి నచ్చేదానికీ అంకెకూ ఇంత దగ్గర చుట్టరికం ఉంటే, ఆ అంకెలే ఆకాశాన్ని కూడా నడుపుతూ ఉండాలి అనుకున్నారు. ఊహకు పునాది ఇదే, మీ వేలి కింద ఉన్న ఈ తీగే.

"మాట్లాడకుండా వినండి," అంటారు ఆవిడ. నాలుగు తీగలూ వరసగా మోగుతున్నాయి. గది సర్దుకుంది. కింద వీధిలో కుక్కర్ విజిల్, దూరంగా బండ్లు. కాసేపటికి కోడ్ రాసే అమ్మాయి కళ్లు పెద్దవి చేసింది. "అమ్మా, గాంధారం!"

ఏ తీగనూ గాంధారానికి కట్టలేదు. అయినా గది మధ్యలో, ఎవరూ పాడకుండా, సన్నగా, తేటగా అంతర గాంధారం నిలబడి ఉంది. విద్వాంసులు దీన్ని స్వయంభూ గాంధారం అంటారు. కంపించే తీగ ఒక్కటిగానే కాక సగాలుగా, మూడో వంతులుగా, నాలుగో వంతులుగా, అయిదో వంతులుగా కూడా ఒకేసారి కంపిస్తుంది. ఆ అయిదో వంతు పలికేదే ఈ గాంధారం. మనిషి కనిపెట్టింది కాదు, నిశ్శబ్దంగా కూర్చున్నవాళ్లకు తీగ తనంతట తాను ఇచ్చింది.

మూలనున్న కీబోర్డు మీద ఆ అమ్మాయి అదే గాంధారం నొక్కింది. రెండూ కలవలేదు. కీబోర్డు గాంధారం పిసరంత ఎక్కువలో ఉంది. ఇది వాద్యం లోపం కాదు, లెక్కలోనే ఉన్న చిక్కు. పంచమం మీద పంచమం చొప్పున పన్నెండు మెట్లెక్కితే, ఏడు స్థాయిల పైనున్న షడ్జమానికి చేరాలి. చేరదు. 5,24,288 రావాల్సిన చోట 5,31,441 వస్తుంది, నూటికి 1.4 వంతు పక్కకు పోతుంది. కీబోర్డు ఆ తేడాను పన్నెండు మెట్లకూ సమానంగా పంచేసి ఏ మెట్టు నుంచైనా పాడుకోమంటుంది. మన సంగీతం ఒక్క షడ్జమాన్ని పట్టుకుని, దాన్ని వదలకుండా, మిగతా స్వరాలను దానితో కలుపుకుంటుంది. విశ్వం పరిపూర్ణమైన శ్రుతిలో ఉందని చెప్పిన అంకెలే, చివర్లో కలవకుండా కాస్త మిగిలిపోయాయి. ప్రాచీనులకు ఇది తెలుసు. తెలిసీ నమ్మకం వదులుకోలేదు, ఆ మిగులుతో ఎలా బతకాలో నేర్చుకున్నారు.

గ్రీకుల గోళసంగీతమూ మన నాదబ్రహ్మమూ ఒకటే అనేయడం తేలిక. అలా అనకూడదు. గ్రీకులు తీగను కొలిచి ఆకాశం వైపు చూశారు. మనవాళ్లు ఊపిరిని పట్టుకుని లోపలికి చూశారు. పదమూడో శతాబ్దపు శార్ఙ్గదేవుడు 'సంగీతరత్నాకరం'లో నాదాన్ని రెండుగా చెప్పాడు. తాకితే పుట్టే ఆహతం, తాకకుండా ఉండే అనాహతం. అనాహతం యోగి ముక్తి కోసం ఉపాసించేది, జనాన్ని రంజింపజేసేది ఆహతమేనని కూడా చెప్పాడు. త్యాగరాజు (1767–1847) జగన్మోహిని రాగంలోని 'శోభిల్లు సప్తస్వర' కీర్తనలో ఏడు స్వరాల నివాసాన్ని నాభిలో, హృదయంలో, కంఠంలో, నాలుకలో, నాసికలో చూపించాడు. గ్రీకుకు ఆకాశమే వీణ, త్యాగరాజుకు దేహమే వీణ. ఇద్దరూ కలిసేది ఒక్క చోట: మనం చేయని క్రమం ఒకటుంది, దానికి మనం శ్రుతి కావాలి అన్న చోట.

ఆదివారం ఆరాధన

ఉదయం తొమ్మిదిన్నర. ఆ క్రమాన్నే ఇంకో గొంతులో వినడానికి, కొండాపూర్ దాటాక ఒక తెలుగు చర్చి. ఎడమవైపు స్త్రీలు, తెల్లచీరల కొంగులు తల మీద. కుడివైపు మగవాళ్లు. ముందు కీబోర్డు, తబలా, డోలక్. పక్కనున్న పెద్దావిడ తన పాటల పుస్తకం మీ చేతిలో పెడుతుంది. "నంబరు చూసుకో నాయనా. నాకు చూడకుండానే వచ్చులే."

పుట తిప్పి చూడండి. కీర్తన మొదట్లో చిన్న అక్షరాల్లో రాగం పేరు, తాళం పేరు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తరతరాలుగా ఇలాగే అచ్చవుతూ వచ్చింది. తెలుగు క్రైస్తవులకు తొలి గొప్ప వాగ్గేయకారుడు పురుషోత్తమ చౌదరి (1803–1890). త్యాగరాజు తిరువయ్యూరులో ఇంకా పాడుతున్న కాలంలోనే, ఉత్తరాన ఈయన అవే రాగతాళాల సంప్రదాయంలో క్రీస్తును కీర్తించాడు. రెండో చరణానికి సభ అంతా అందుకుంది. పెద్దావిడ గొంతు వణుకుతోంది గానీ శ్రుతి తప్పలేదు.

అయ్యగారు పాత నిబంధనలోంచి యోబు గ్రంథం 38వ అధ్యాయం చదువుతున్నారు. అన్నీ పోగొట్టుకున్న యోబుతో తుఫాను లోంచి దేవుడు మాట్లాడే ఘట్టం. భూమికి పునాది పడిననాడు నక్షత్రాలు కలిసి పాడాయన్న ప్రస్తావన అక్కడ ఉంది. గ్రీకుల లెక్కను అందుకున్న తొలి క్రైస్తవులకు ఆ ప్రస్తావన సొంత గ్రంథంలోనే దొరికిన ఆధారమైంది. అలెగ్జాండ్రియాలో క్లెమెంట్, రెండో శతాబ్దం చివర్లో, విశ్వాన్ని శ్రుతి చేసినవాడు గ్రీకు పురాణాల గాయకుడు ఆర్ఫియస్ కాదు, దేవుని వాక్కయిన క్రీస్తు అన్నాడు. ఆ వాక్కు మనిషిని కూడా వాద్యంగా పట్టుకుంటుందన్నాడు. అగస్టీన్ 387 ప్రాంతంలో సంగీతం మీద గ్రంథం మొదలుపెట్టి, పద్యపాదాల మాత్రలు లెక్కపెట్టడంతో ప్రారంభించి, ఆరో భాగానికి వచ్చేసరికి ఆ లెక్కలకు మూలం దేవుడే అన్న చోటికి చేరాడు.

ఆరో శతాబ్దం తొలినాళ్లలో బొయితియస్ సంగీతాన్ని మూడుగా విభజించాడు. మొదటిది విశ్వసంగీతం: గ్రహాల నడక, రుతువుల మార్పు. రెండోది మానవసంగీతం: దేహానికీ ఆత్మకూ మధ్య కుదరాల్సిన పొందిక. మూడోదే వాద్యాలది, చెవికి వినపడేది. రాజు కోపానికి గురై 524 ప్రాంతంలో మరణశిక్ష పొందాడు గానీ, ఆయన పుస్తకం శతాబ్దాల పాటు ఐరోపాలో పాఠ్యగ్రంథంగా ఉంది. అంకగణితం, క్షేత్రగణితం, ఖగోళం పక్కన నాలుగో శాస్త్రంగా సంగీతాన్ని కూర్చోబెట్టి చదివారు. సంగీతం చదవడమంటే గొంతు సాధన కాదు, లోకం ఎలా కూర్చబడిందో చదవడం.

ఈ ఆలోచనకు ప్రాణం పెట్టిన మనిషి హిల్డెగార్డ్. జర్మనీలో బింగెన్ దగ్గర మఠాధిపతి, సంగీతకర్త. 1178లో, వెలివేతకు గురైన వ్యక్తిని తమ శ్మశానంలో పూడ్చారన్న కారణంతో మైన్జ్ మతాధికారులు ఆమె మఠంలో పాటను నిషేధించారు. ప్రార్థనలు గొణుక్కోవాలే తప్ప పాడకూడదు. అతను చనిపోయేముందే సంఘంతో రాజీపడ్డాడని చెప్పి, సమాధి తవ్వించడానికి ఆమె ఒప్పుకోలేదు. అప్పటికి ఎనభై ఏళ్లు. మతాధికారులకు ఉత్తరం రాసింది. మనిషి ఆత్మే స్వరాల కూర్పు, పాటలో అది తాను పోగొట్టుకున్న స్వర్గపు గొంతును గుర్తుచేసుకుంటుంది, దేవుని స్తుతిని అన్యాయంగా ఆపినవాళ్లకు రేపు పరలోకపు పాటలో చోటుండదు అన్నది ఆ ఉత్తరం సారం. 1179లో నిషేధం ఎత్తేశారు. ఆ సెప్టెంబరులో ఆమె కన్నుమూసింది. విశ్వసామరస్యమన్నది పండితుల కాలక్షేపం మాత్రమే అయితే, ఎనభై ఏళ్ల ముసలావిడ దానికోసం అంత పట్టుపట్టదు.

మీ పక్కనున్న పెద్దావిడ ఆఖరి పాటకు లేచి నిలబడింది. మీరూ లేవండి.

గచ్చిబౌలి, రాత్రి

ఎనిమిదిన్నర. నిన్న గాంధారం విన్న అమ్మాయి వాళ్ల అపార్ట్‌మెంట్ డాబా. ఒకవైపు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ మేడల వెలుగు. ఇంకోవైపు ఉన్నట్టుండి చీకటి, హైదరాబాద్ విశ్వవిద్యాలయం చెట్లూ బండలూ. ఆ చీకట్లోంచి నెమలి కేక. మన పాత సంగీతశాస్త్రం ఏడు స్వరాలకు ఏడు ప్రాణులను చెబుతూ నెమలికి షడ్జమాన్ని, కోయిలకు పంచమాన్ని, ఏనుగుకు నిషాదాన్ని ఇచ్చింది. ఆధార షడ్జమమే నెమలిది. దాన్ని వదిలేస్తే మిగతా ఆరూ ఎక్కడ నిలబడాలో తెలియదు. ఇక్కడి కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరాల నేలను 2025 మార్చి చివర్లో బుల్డోజర్లు చదును చేస్తుంటే నెమళ్ల అరుపులు ఊరంతా వింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని ఆపించింది.

పడమట మెరుస్తున్నది గురుగ్రహం. అమ్మాయి ఫోన్‌లో శ్రుతి పెట్టింది. "ఏం పాడాలండీ?"

కెప్లర్ రాసింది పాడమందాం. యోహానెస్ కెప్లర్ ట్యూబింగెన్‌లో పాస్టరు కావడానికి చదివి ఖగోళవేత్త అయిన లూథరన్. ఆయన పుస్తకం 'హార్మొనికెస్ ముండి' 1619లో వచ్చింది. గ్రహం సూర్యుడికి దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా, దగ్గరైనప్పుడు వేగంగా కదులుతుంది. సూర్యుడి మీంచి చూస్తే ఆ రెండు వేగాల మధ్య నిష్పత్తి ఎంత? శనికి దాదాపు 4కి 5. గురుడికి 5కి 6. అంగారకుడికి 2కి 3. భూమికి 15కి 16. శుక్రుడికి 24కి 25. ఇవన్నీ సంగీతంలోని నిష్పత్తులేనని చూసి ఆయన గ్రహాలకు స్వరాలు రాసేశాడు.

అమ్మాయి కళ్లు మూసుకుని శని పాడింది: షడ్జమం నుంచి అంతర గాంధారం, తిరిగి షడ్జమం. నిన్న తంబూరా తనంతట తాను ఇచ్చిన గాంధారమే. గురుడు: షడ్జమం నుంచి సాధారణ గాంధారం. అంగారకుడు: షడ్జమం నుంచి పంచమం దాకా పెద్ద అంగ. తర్వాత భూమి. షడ్జమం, శుద్ధ రిషభం, షడ్జమం. అంతే. ఇటు అటు ఒక్క అడుగు. "మన భూమి పాట ఇంత చిన్నదా!" అంది. శుక్రుడిది ఇంకా చిన్నది, దాదాపు ఒక్క స్వరం మీదే నిలబడుతుంది.

ఈ లెక్కలు వేస్తున్నప్పుడు కెప్లర్ ఇంట్లో సామరస్యం లేదు. 1618 ఫిబ్రవరిలో పసికూతురు పోయింది. తల్లి మీద మంత్రగత్తె అన్న నింద నడుస్తోంది. మే నెలలో ముప్పై ఏళ్ల యుద్ధం మొదలైంది. ఆ మే 15నే ఆయనకు మూడో నియమం చిక్కింది. గ్రహానికి సూర్యుడి నుంచి ఉన్న సగటు దూరాన్ని ఘనం చేస్తే, అది తిరిగొచ్చే కాలాన్ని వర్గం చేసిన సంఖ్యకు సరిపోతుంది. ఫోన్ తీసి మీరే చూడండి. భూమి దూరాన్ని 1 అనుకుంటే గురుడి దూరం 5.2. ఘనం చేస్తే 140.6. గురుడికి ఒక చుట్టు 11.86 ఏళ్లు. వర్గం చేస్తే 140.7. న్యూటన్ గురుత్వాకర్షణకు దారి చూపినవాటిలో ఇదొకటి. ఇవాళ ఉపగ్రహం కక్ష్య లెక్కకట్టాలన్నా దీనితోనే పని.

ఆకాశంలో శబ్దం లేదని కెప్లర్‌కు తెలుసు. ఆ పాట బుద్ధికి వినపడేదని స్పష్టంగా రాశాడు. గ్రహాలకు ఆయన కట్టిన స్వరాలను ఖగోళశాస్త్రం ఇప్పుడు నియమంగా ఒప్పుకోదు. కానీ గురుగ్రహం చుట్టూ తిరిగే మూడు చందమామలు ఉన్నాయి. అయో 1.77 రోజులకు, యూరోపా 3.55 రోజులకు, గానిమీడ్ 7.15 రోజులకు ఒక చుట్టు. 1:2:4, అంటే షడ్జమం, కింది షడ్జమం, దాని కింది షడ్జమం. ఒకదాన్నొకటి లాగుతూ ఆ నిష్పత్తిలో బిగుసుకున్నాయి. మీ కళ్లకు ఇప్పుడు చుక్కలా కనిపిస్తున్న ఆ వెలుగు చుట్టూ ఈ నిమిషాన అది నడుస్తోంది.

ఇక్కడి నుంచి ముంబై హైవే మీద వెళ్తే సంగారెడ్డి జిల్లా కంది, ఐఐటీ హైదరాబాద్. అక్కడి పరిశోధకులు కూడా ఉన్న ఇండియన్ పల్సర్ టైమింగ్ ఎరే బృందం, పుణె దగ్గరి జీఎంఆర్‌టీ టెలిస్కోపుతో క్రమం తప్పకుండా రేడియో మిణుకులు పంపే పల్సర్ నక్షత్రాల టిక్కుటిక్కులను ఏళ్ల తరబడి లెక్కపెట్టింది. 2023 జూన్ 29న ఆ బృందం ఐరోపా శాస్త్రవేత్తలతో కలిసి, ఇతర దేశాల బృందాలతో పాటు ఒక ఫలితం ప్రకటించింది. విశ్వమంతా అతి నెమ్మదైన గురుత్వ తరంగాలతో కదులుతున్నట్టు ఆధారాలు దొరికాయి. ఒక్క కంపనానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. పత్రికలు దాన్ని విశ్వపు హమ్మింగ్ అన్నాయి. అది శబ్దం కాదు. కానీ వినపడని దాన్ని వినాలని తీగ ముందు కూర్చున్నవాళ్ల వారసత్వమే అది.

మన పరీక్ష తేల్చింది ఇదీ. గోళాలు పాడవు. కొలిమి కథ తప్పు. పన్నెండు పంచమాలు కలవవు. కానీ తీగలో, వంతెనలో, గురుడి చందమామల్లో ఒకే రకం నిష్పత్తులు ఉన్నాయన్నది సత్యం. బొయితియస్ చెప్పిన మూడింటిలో విశ్వసంగీతాన్ని కొలవడం శాస్త్రానికి అప్పగించాం, వాద్యసంగీతం ఫోన్ నిండా ఉంది. మధ్యలోది, మనిషి తనను తాను శ్రుతి చేసుకోవడం, ఎవరికీ అప్పగించలేని పని. రోజంతా అంకెలతో బతికే ఈ ఐటీ కారిడార్‌లో తక్కువైంది అంకె కాదు, చెవి పెట్టి కూర్చోవడం.

పిల్లలను సంగీతం క్లాసుకు పంపే తల్లిదండ్రులకు ఒక మనవి. కీబోర్డు కొనండి, తప్పులేదు. కానీ ఒక్కసారైనా నిజమైన తంబూరా ముందు వాళ్లను కూర్చోబెట్టండి. ఫోన్లు పక్క గదిలో పెట్టి, ఎవరూ కట్టని ఆ గాంధారం వినపడేదాకా పక్కనే మీరూ కూర్చోండి.